ఐదు నిమిషాల పని

నాతవరం నుంచి నర్సీపట్నం వచ్చే షేర్ ఆటోవాళ్ళకి లోవలక్ష్మి అంటే హడలు. గయ్యాళి అని కాదు. ముగ్గురు కూర్చోవాల్సిన వెనక సీట్లోకి ఐదో మనిషిని ఎక్కించబోతే ఆవిడ ఆటో దిగిపోతుంది, అంతే. నోరు చేసుకోదు, ఎవరినీ బెదిరించదు. దిగి, సంచీ భుజాన వేసుకుని రోడ్డు పక్కన నిలబడి, "నువ్వెల్లు బాబూ, నాను ఎనకాల దాన్లో వత్తాను" అంటుంది. ఒకసారి ఎండలో గంటన్నర అలాగే నిలబడిందట. ఆ తర్వాత డ్రైవర్లే ఐదో మనిషికి చెయ్యి అడ్డం పెట్టి, "ఆయమ్మున్నాదండీ, ఎక్కకండి" అనడం మొదలుపెట్టారు.

ఇంత మొండి మనిషి కూడా ఒకప్పుడు "దాందేముందండీ, ఐదు నిమిషాల పని" అనేది. రోజుకి పదిసార్లు అనేది. ఆ మాట ఆవిడ నోట ఎలా ఆగిపోయిందో చెప్పకపోతే ఈ మనిషి ఎవరో మీకు తెలియదు.

లోవలక్ష్మికి ముప్పై తొమ్మిదేళ్ళు. పదకొండేళ్ళు రక్తపరీక్షల లాబులో టెక్నీషియన్‌గా చేసింది. మందునీళ్ళ వల్ల చేతులకి దద్దుర్లు లేచి, డాక్టరు ఇక ఆ పని వద్దంటే మానేసింది. అప్పుడు పిలిచి ఉద్యోగమిచ్చినవాడు గణేశ్వరరావు. ఆయన ఒకప్పుడు ఊళ్ళో పిల్లలకి కంప్యూటర్ నేర్పిన మాస్టారు. ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, బలిఘట్టం వెళ్ళే రోడ్డులో ఒక ఎరువుల కొట్టు మీద గది తీసుకుని చేదోడు సాఫ్ట్‌వేర్స్ అని బోర్డు కట్టాడు. చుట్టుపక్కల లాబులు రిపోర్టులు కొట్టుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ళదే. ఆఫీసంటే మొత్తం ముగ్గురు. గణేశ్వరరావు, ప్రోగ్రాములు రాసే గోవింద్, ఫోన్లు ఎత్తే లోవలక్ష్మి. లాబువాళ్ళ గోల లాబులో పనిచేసిన మనిషికే అర్థమవుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాదు.

పని జరిగే తీరు చెబితే మీరు నవ్వుతారు. పద్నాలుగు లాబులు. ఏ లాబు నుంచైనా ఫోనొస్తుంది. "లోవలక్ష్మక్కా, ఆ పేరు అక్షరాలు కాస్త పెద్దవి సెయ్యండి", "ఆ గడి ఇటు జరపండి". లోవలక్ష్మి తల తిప్పి "గోవిందూ!" అంటుంది. గోవింద్ చేస్తున్న పని పక్కన పడేసి, ఇక్కడి నుంచే నెట్‌లో ఆ లాబు కంప్యూటర్లోకి దూరి, అక్కడే, అప్పుడే మార్చేస్తాడు. అవతల టెక్నీషియన్ "వచ్చీసింది, వచ్చీసింది" అని సంబరపడిపోతుంది. అడిగినవాళ్ళందరూ తెలిసినవాళ్ళే మరి! ఎదురుపడితే టీ తాగించే మనుషులకి "రేపు చూద్దాం" అని ఎలా చెబుతారు? మొహమాటం. రెండేళ్ళు తిరిగేసరికి పద్నాలుగు లాబుల్లో పద్నాలుగు రకాల సాఫ్ట్‌వేర్ తయారైంది. దేన్లో ఏముందో గోవింద్ బుర్రలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఆ బుర్ర కూడా సగం మరిచిపోయింది.

ఒక మంగళవారం ఉదయం మన్మథరావు గారి లాబు నుంచి ఫోనొచ్చింది. మన్మథరావు గారంటే చేదోడుకి పెద్దదిక్కు. నాలుగు లాబులు ఆయనవే. ఫోన్లో టెక్నీషియన్ శ్రీదుర్గ. "అక్కా, బేగి రా. ఇక్కడ గొడవగా ఉంది."

వెళ్ళేసరికి కౌంటర్ ముందు ఒకతను రెండు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు జోగులు. చింతపల్లి అవతల కొండల మీద ఊరు. భార్య చిట్టితల్లికి ముందురోజే పెద్దాసుపత్రిలో కాన్పయింది, తొలిచూలు, ఆడపిల్ల. మూడు నెలల కింద ఇదే లాబులో రక్తం గ్రూపు చూపిస్తే ఓ పాజిటివ్ అని కాగితం ఇచ్చారు. ఆసుపత్రిలో వాళ్ళ పద్ధతి ప్రకారం మళ్ళీ చూశారు. బి నెగెటివ్ వచ్చింది.

"మడిసి ఒక్కత్తే గదమ్మా," అన్నాడు జోగులు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని లోవలక్ష్మికి తర్వాత చాలాసార్లు అనిపించింది. "మడిసి ఒక్కత్తే. రగతం రెండు రకాలెలాగుంటాది?"

నెగెటివ్ రక్తం ఉన్న తల్లికి వేళకి ఒక ఇంజెక్షన్ పడకపోతే తర్వాతి కాన్పులో బిడ్డ దక్కడం కష్టమని ఆ గదిలో జోగులుకి తప్ప అందరికీ తెలుసు. ఆసుపత్రివాళ్ళు కనిపెట్టారు కాబట్టి ఆ ఇంజెక్షన్ పడింది.

లోవలక్ష్మి శ్రీదుర్గని పక్కకి జరిపి కంప్యూటర్ ముందు కూర్చుంది. కొత్త మనిషి పేరు కొట్టింది. ఇంకేమీ కొట్టలేదు. రక్తం గ్రూపు గడిలో ఓ పాజిటివ్ అని అప్పటికే కూర్చుని ఉంది. రక్తం తియ్యకముందే, చూడకముందే, ఎవరూ ఏమీ అనకముందే.

ఆవిడ కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. గుర్తొచ్చింది కదా మరి. ఇదే శ్రీదుర్గ ఒకరోజు ఫోన్ చేసి, "వచ్చినోళ్ళలో ఎక్కువమంది ఓ పాజిటివేనక్కా, ప్రెతీసారీ కొట్టలేక సస్తన్నాం, ముందే పెట్టీమనండి, వేరేదైతే మేం మార్సుకుంటాం" అంది. "దాందేముంది, ఐదు నిమిషాల పని" అన్నది ఎవరు? లోవలక్ష్మి. "గోవిందూ" అని పిలిచిందెవరు? లోవలక్ష్మి. పదకొండేళ్ళు లాబులో బతికి, జనం వరస కట్టిన రోజున ఏ టెక్నీషియనైనా ఒక గడి మార్చడం మరిచిపోతుందని తెలిసి కూడా నోరు మూసుకున్నది ఎవరు? తప్పు ఎవరి మీదికైనా తొయ్యాలని చూస్తే, తిరిగి తిరిగి తన దగ్గరికే వస్తోంది.

జోగులు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మాది ఆసుపత్రోళ్ళు మల్లీ సూసినారు గాబట్టి సరిపోయింది," అన్నాడు. "మరి మిగతావోళ్ళకో? ఇంకెంతమందికి ఇలగ రాసిచ్చేసినారు?"

ఎంతమందికో తెలియాలంటే ఆ మార్పు ఏ రోజు చేశారో తెలియాలి. అక్కడి నుంచే గోవింద్‌కి ఫోన్ చేసింది. "ఉగాదికి ముందేమోనక్కా," అన్నాడు వాడు. కాసేపాగి, "కాదు, ఎండలు ముదిరాక అనుకుంటాను," అన్నాడు. ఆ వెంటనే, అదీ ఖాయం కాదన్నాడు.

"తెల్దు బాబూ," అంది లోవలక్ష్మి జోగులుతో. సిగ్గుతో చచ్చిపోతున్నా కళ్ళలోకి చూసే చెప్పింది. "తెలుసుకుని నీకు సెప్తాను. నీ ఫోన్ నెంబరియ్యి."

అతను నమ్మినట్టు లేదు. నెంబరు మాత్రం ఇచ్చాడు.

ఆ మార్పు మన్మథరావు గారి నాలుగు లాబుల్లోనూ పెట్టారు, అందుకని ఆ తర్వాత పదకొండు రోజులు ఆవిడా గోవిందూ నాలుగూ తిరిగారు. టెక్నీషియన్లు ట్యూబు చూసి చేత్తో రాసుకునే రిజిస్టర్లు ఉంటాయి. అవి అబద్ధం చెప్పవు. ఎందుకైనా మంచిదని ఉగాది ముందు నెల నుంచి లెక్కేస్తే, కంప్యూటర్ ఓ పాజిటివ్ అని అచ్చేసిన పేర్లు పదకొండు వందల ఎనభై ఆరు. గోవింద్ పేరు చదవడం, లోవలక్ష్మి రిజిస్టర్లో వెతికి టిక్కు పెట్టడం. మూడో రోజుకి గోవింద్ గొంతు పోయింది. "అక్కా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి గదా, ఇక సాలు" అన్నాడు. "చదువు" అంది ఆవిడ. ఆరో రోజున ఒక తప్పు దొరికింది, ఆటో నడిపే సింగన్నది. తొమ్మిదో రోజున ఇంకొకటి. మాకవరపాలెం దగ్గర పల్లెటూరి పిల్ల, సత్యలక్ష్మి. ఓ నెగెటివ్. ఏడో నెల.

ఏడో నెలలో పడాల్సిన ఇంజెక్షన్ ఒకటుంది. లోవలక్ష్మి ఆ మధ్యాహ్నమే ఆటో మాట్లాడుకుని ఆ ఊరు వెళ్ళింది. జీడిపిక్కలు ఒలుస్తున్న ఆ పిల్ల పొట్ట మీద చెయ్యేసుకుని వింది, చేతులు కడుక్కుని వెంట వచ్చింది. లోవలక్ష్మే ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఇంజెక్షన్ పడేదాకా పక్కన కూర్చుంది. బయటికొచ్చి గోడ పట్టుకుని ఏడ్చింది. పదకొండో రోజున ఆఖరి పేరు కూడా చూడడం అయ్యాక జోగులుకి ఫోన్ చేసి, "ఇద్దరు బాబూ. మీతో కలిపి ముగ్గురు. ఇద్దరికీ సెప్పీసాను" అంది.

ఇక గణేశ్వరరావు. పాపం ఆయన చెడ్డవాడు కాదు, హడావుడి మనిషి. భయపడిపోయి, విశాఖపట్నంలో పెద్ద కంపెనీలో పనిచేసే స్నేహితుడి దగ్గర్నుంచి ఒక లావుపాటి పుస్తకం తెప్పించాడు. సాఫ్ట్‌వేర్ పనిని పద్ధతిలో పెట్టడం ఎలాగో అందులో ఉందట. ఇరవై ఆరు ఫారాలు. ఒక్కో మార్పుకి ఇరవై ఆరూ నింపాలి. మూడొందల మంది ఉన్నచోట నింపుతారేమో. ఇక్కడున్నది ముగ్గురు. గోవింద్ రెండు రోజులు నింపాడు. మూడో రోజున ఆ కాగితాల మీద పకోడీలు పెట్టుకుని తిన్నాడు.

నాలుగో రోజున లోవలక్ష్మి ఒక ఎర్ర అట్ట పుస్తకం కొనుక్కొచ్చింది. గీతలు గీసి ఐదు గళ్ళు చేసింది. ఎవరడిగారు, ఎందుకు, ఏం మారుస్తాం, ఎవరు తనిఖీ చేశారు, ఏ రోజు ఏ గంటకి ఏ లాబుకి వెళ్ళింది.

"నాకు కంప్యూటర్ రాదు సార్," అంది. "లాబు పని వచ్చు. లాబులో రక్తం తీసినాక ట్యూబు మీద పేరు ఎప్పుడు రాత్తాం? ఆ మనిషి ఎదురుగుండా, ఆ మనిషి నోటితో పేరు సెప్పించుకుని, అప్పుడే రాత్తాం. తరవాత రాద్దాంలే అనుకున్న ట్యూబు ఎవలదో ఆ దేవుడిక్కూడా తెల్దు. మనం రెండేళ్ళబట్టి పేరు రాయని ట్యూబులే పోగేసేం."

అడిగినవాళ్ళకి అడిగింది తిరిగి చదివి వినిపించాలి. మార్చినవాడు తనిఖీ చెయ్యకూడదు, ఇంకొకరు చెయ్యాలి. లాబు కంప్యూటర్ మీద కాదు, ముందు ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ మీద. శనివారం మధ్యాహ్నం పద్నాలుగు లాబులకీ ఒకే సాఫ్ట్‌వేర్ వెళ్ళాలి. మధ్యలో అత్యవసరమొస్తే వెళ్ళచ్చు, కానీ ఐదు గళ్ళూ నిండాకే. మొహమాటానికి మందుగా ఇంకొకటి పెట్టింది. లాబు కంప్యూటర్లలోకి దూరే పాస్‌వర్డ్ మార్పించి, మొదటి సగం గోవింద్ దగ్గర, రెండో సగం తన దగ్గర ఉంచింది. ఒక్కరే దూరడానికి ఇక వీల్లేదు.

మొదటి పేజీ మొదటి వరస తనే నింపింది. ఎవరడిగారు: శ్రీదుర్గ. ఎందుకు: ఐదు నిమిషాల పని అనుకున్నాం. ఏం మార్చాం: రక్తం గ్రూపు. ఎవరు తనిఖీ చేశారు: ఎవరూ లేరు. ఏ రోజు: తెలియదు.

భయం ఉన్నన్నాళ్ళు అందరూ బుద్ధిగానే ఉన్నారు. రెండో నెలకి భయం తగ్గింది. లాబులవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. "ఇదివరకు మీరు బాగుండేవారు" అన్నారు. ఆ మాట గణేశ్వరరావుకి గుచ్చుకునేది. సరిగ్గా అలాంటప్పుడు, ఒక గురువారం పదకొండు గంటలకి మన్మథరావు గారు ఫోన్ చేశారు. మర్నాడు పొద్దున్నే మాకవరపాలెంలో ఆయన ఉచిత రక్తపరీక్షల శిబిరం. రిపోర్టు పైన శిబిరం పేరు పడాలి. జనం ఎక్కువ, వయసు అడుగుతూ కూర్చోలేరు కాబట్టి వయసు గడి తీసెయ్యాలి. వెంటనే.

గణేశ్వరరావు లోవలక్ష్మి బల్ల దగ్గరికొచ్చాడు. "నీ సగం చెప్పు. ఈ ఒక్కసారికి."

"పుస్తకంలో రాయండి సార్."

"లోవలక్ష్మీ, ఆయన లైన్లో ఉన్నారు. ఆయన పోతే నాలుగు లాబులు పోతాయి. ఈ ఆఫీసుకి తాళం పడుతుంది. ఆ తాళం నీ చేతే వేయిస్తాను, చూడు."

ఆవిడకి భయం లేదనుకునేరు. ఆ ఉద్యోగం పోతే దద్దుర్ల చేతులతో మళ్ళీ లాబులోకి వెళ్ళలేదు. అయినా పుస్తకాన్ని ఆయన వైపు జరిపింది.

"పడితే పడనీండి," అంది. "ఏడో నెల పిల్ల జీడిపిక్కలు ఒలుసుకుంటా కూకుంది సార్. మీరు సూడలేదు, నాను సూసేను. నా సగం సెప్పను. రాయండి."

గోవింద్ కీబోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు చిన్నగా, "నేనూ చెప్పను సార్" అన్నాడు.

గణేశ్వరరావు పళ్ళు నూరుతూ పెన్ను తీసుకున్నాడు. ఎందుకు అన్న గడిలో "మన్మథరావు గారు అరిచారు కాబట్టి" అని రాశాడు. "అది కారణం కాదు సార్, కొట్టేసి మల్లీ రాయండి" అంది లోవలక్ష్మి. ఫోన్ తనే తీసుకుంది.

"నమస్కారమండీ. మీరడిగింది సదువుతాను, సరిగ్గా ఉందో లేదో సెప్పండి. శిబిరం పేరు పైన పడాలి. అది నాలుగ్గంటలకి ఇత్తాం. వయసు గడి మాత్రం తియ్యం. చిన్నపిల్లలకీ పెద్దోళ్ళకీ రక్తంలో ఏది ఎంతుండాలో ఆ హద్దులు వేరు గదండీ. వయసు లేకపోతే పిల్లలందరికీ పెద్దోళ్ళ హద్దులు పడిపోతాయి."

మన్మథరావు గారు మండిపడ్డారు. "నాకు పాఠాలు చెబుతున్నావేటమ్మా? ఐదు నిమిషాల పనికి సాయంత్రం దాకానా? రేపట్నించి వేరేవాళ్ళని చూసుకుంటాను." ఫోన్ పెట్టేశారు.

నాలుగుకి పది నిమిషాలు ఉండగానే పని పూర్తయింది. తనిఖీలో తప్పేమీ దొరకలేదు. "చూశావా, ఏమీ లేదు," అన్నాడు గణేశ్వరరావు. లోవలక్ష్మి నాలుగో గడిలో సంతకం చేసింది. శిబిరం జరిగింది. మన్మథరావు గారు వేరే కంపెనీవాళ్ళని పిలిపించి రెండుసార్లు మాట్లాడారని ఊరంతా తెలిసింది. వెళ్ళలేదు, అలాగని ఉంటానని కూడా అనలేదు. ఆరు నెలలు లోవలక్ష్మితో మాట్లాడలేదు. గణేశ్వరరావు ఆ ఆరు నెలలూ ఆవిడని చూసినప్పుడల్లా నిట్టూర్చేవాడు.

తర్వాత ఒక సోమవారం. ఆవిడ సంచీ దించి ఇంకా కూర్చోలేదు, ఫోన్ మోగింది. మన్మథరావు గారే. గొంతులో ఆ దర్జా లేదు.

"అమ్మా లోవలక్ష్మీ, కొంప మునిగింది. తిన్న తర్వాత చూసిన సుగర్‌కి తినకముందు హద్దులు పడుతున్నాయి. బాగున్నవాళ్ళక్కూడా సుగర్ ఎక్కువని అచ్చవుతోంది. ఎవరో పెద్దావిడ ఏడుస్తూ వచ్చింది. ఇది ఎప్పట్నించమ్మా? ఇంకెంతమందికి ఇచ్చేశాం?"

ఇంకెంతమందికి. లోవలక్ష్మి నిలబడే పుస్తకం తెరిచింది.

"శనివారం మజ్జానం మూడూ ఇరవైకి ఎల్లిందండీ. అంతకు ముందు లేదు. సుగర్ రిపోర్టు అక్షరాలు పెద్దవి సెయ్యమన్నారు, అప్పుడు తేడా వచ్చింది. తనిఖీ సేసింది," అని ఒక్క క్షణం ఆగింది. గణేశ్వరరావు తలెత్తి చూశాడు. గోవింద్ కూడా చూశాడు. "తనిఖీ సేసింది నేనండీ. కె. లోవలక్ష్మి. తినకముందుదే సూసేను, తిన్నాక సూడలేదు. తప్పు నాదే. ఉండండి, గోవింద్ పేర్లు తీత్తన్నాడు."

మార్పు వెళ్ళిన గంట తెలుసు కాబట్టి పేర్లు తియ్యడానికి నిమిషం పట్టలేదు. శనివారం మధ్యాహ్నం, ఆదివారం ఒక్కపూట, ఈ పొద్దు. పద్నాలుగు లాబులూ కలిపి, తప్పుగా ఎక్కువని అచ్చయినవాళ్ళు తొమ్మిదిమంది.

"తొమ్మిదిమందండీ," అంది. "మీ లాబుల్లో ఐదుగురు. పేర్లూ ఫోన్లూ ఇప్పుడే పంపుతాను. మిగతా నలుగురికీ నేనే సెప్తాను."

"తొమ్మిదేనా? ఖాయమా?"

"ఖాయమండీ."

మన్మథరావు గారు ఊపిరి వదలడం ఈ చివరికి వినబడింది. ఆయన మెచ్చుకోలేదు, క్షమాపణా చెప్పలేదు. "ఆ పుస్తకం లాంటిది మా లాబుకి కూడా ఒకటి గీసియ్యమ్మా" అని మాత్రం అన్నారు.

మూడు గంటలకల్లా తొమ్మిదిమందికీ ఫోన్లు వెళ్ళాయి. పాత కాగితాలు చింపించి కొత్తవి ఇచ్చారు. లోవలక్ష్మి తన తప్పుని పుస్తకంలో రాసింది. దాని కింద, సుగర్ అయితే రెండు రకాలూ చూడాలి అని రాసి రెండు గీతలు గీసింది. గణేశ్వరరావు ఆ పేజీ తిప్పి చూసి, టీ తెప్పించి, మొదటి గ్లాసు ఆవిడ ముందు పెట్టాడు.

ఐదున్నరకి ఆటోలో కూర్చున్నాక ఆవిడ జోగులుకి ఫోన్ చేసింది. కొండ మీద సిగ్నల్ సరిగ్గా ఉండదు. మూడోసారికి దొరికాడు.

"ఎవులూ?"

"నాను బాబూ, రగతం కాయితాల లోవలక్ష్మిని. అప్పుడు నువ్వడిగేవు గదా, ఇంకెంతమందికని. ఇయ్యాల మల్లీ ఒక తప్పయిపోయింది. నా సేతిమీదే. తొమ్మిదిమందికి. వెంటనే తెలిసిపోనాది. అందరికీ సెప్పీసేం. నీకు సెప్పాలనిపించింది."

అవతల పిల్ల కేరింతలు వినబడుతున్నాయి. తొమ్మిది నెలలు నిండి ఉంటాయి.

"మా అప్పుడు తెలవనేదు గదమ్మా," అన్నాడు జోగులు.

"లేదు బాబూ," అంది లోవలక్ష్మి. "మీ అప్పుడు రాసుకోనేదు."

ఆటో కదలబోయింది. డ్రైవర్ వెనక్కి తిరిగి, ఐదో మనిషికి చెయ్యి అడ్డం పెట్టాడు.